పెట్టుబడి ఒకరిది, కష్టం ఒకరిది: పంపకం ఎలా?

(సమాఖ్య వార్షికోత్సవం సందర్భంగా బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "నలుగురు కలిసి స్థలాల మీద డబ్బు పెట్టినప్పుడు ఎవరికెంత రావాలి" అన్నది. వార్షికోత్సవంలో ఈ డబ్బు లెక్కలేంటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ సభలో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంది. కుందలహళ్లి గేటు నుంచి ఐటీపీఎల్ దాకా ఏ వీధిలో చూసినా మన ధర్మవరం, చీరాల, వెంకటగిరి, పోచంపల్లి, గద్వాల వైపు నుంచి వచ్చిన పిల్లలు కనిపిస్తారు. తాతలది గుంట మగ్గం, తండ్రులది మగ్గంతోపాటు చిన్న వ్యాపారం, వీళ్లది కంప్యూటర్. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి, సంతోషమే. ఆ డబ్బు ఎక్కడ పెడదామంటే అందరి చూపూ భూమి మీదకే పోతుంది.

ఈ ప్రాంతం పెరిగిన తీరు మన కళ్లముందే ఉంది. 2023 మార్చి 25న కె.ఆర్.పురం నుంచి వైట్‌ఫీల్డ్ కాడుగోడి దాకా మెట్రో వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 9న బైయప్పనహళ్లి, కె.ఆర్.పురం మధ్య మిగిలిన ముక్క కూడా కలిసింది. అప్పటి నుంచి ఇక్కడ కొనలేనివాళ్లు హోసకోటె అంటున్నారు, మాలూరు అంటున్నారు, ఇంకొంచెం ముందుకెళ్లి మన హిందూపురం అంటున్నారు. ఒక్కడికి చాలని డబ్బు నలుగురు కలిస్తే చాలుతుంది. కలవడం మంచిదే. అయితే కలిసినప్పుడున్న నవ్వు ముఖాలు విడిపోయేటప్పుడూ అలాగే ఉండాలి. స్థలం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. బావ బావమరిది మధ్య, వియ్యంకుల మధ్య, ఒకే ఊరి స్నేహితుల మధ్య మాట పోతే దాన్ని మళ్లీ కొనలేం. అందుకే ఈ మాటలు.

మగ్గం నేర్పిన లెక్క

ఈ విషయం మనకు కొత్తేం కాదు. పెట్టుబడి, కష్టం, రిస్కు, ఈ మూడూ వేరువేరని మగ్గం దగ్గర పుట్టిన వాళ్లకు వేరే చెప్పాలా?

సావుకారు పడుగు, పేక, జరీ ఇస్తాడు. నేతగాడు నేసి ఇస్తాడు, మజూరీ తీసుకుంటాడు. చీర అమ్ముడుపోతే లాభం సావుకారుది. అమ్ముడుపోక బీరువాలో ఉండిపోతే నష్టమూ ఆయనదే. మజూరీ మాత్రం నేతగాడికి రావాల్సిందే. ఇది ఒక పద్ధతి. సొంత నూలు తెచ్చుకుని, సొంతంగా నేసి, సంతలో అమ్ముకునేవాడికి మజూరీ, లాభం రెండూ ఒకే జేబులోకి వస్తాయి, నష్టమూ ఆ జేబులోంచే పోతుంది. ఇది రెండోది. మూడోది సహకార సంఘం. ప్రగడ కోటయ్య గారి లాంటి పెద్దలు జీవితమంతా ధారపోసి నిలబెట్టిన పద్ధతి. అందులో సభ్యుడికి వాటా ధనం ఉంటుంది, చేసిన పనికి మజూరీ ఉంటుంది, సంఘానికి మిగులు వస్తే బోనస్ ఉంటుంది. మూడూ మూడు పద్దులు. ఒకదాన్ని ఇంకోదాంట్లో కలపరు.

స్థలాల దగ్గర మనం చేసే పొరపాటంతా ఈ పద్దుల్ని కలిపేయడమే. డబ్బు పెట్టినవాడికి దాని మీద ప్రతిఫలం రావాలి. తిరిగి పని చేసినవాడికి కూలి రావాలి. మిగులు వస్తే ముందు అనుకున్న నిష్పత్తిలో పంచుకోవాలి. ఇంతకు మించిన రహస్యం లేదు.

ఎవరు ఏం పెడుతున్నారు?

నలుగురు కూర్చున్నప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న "ఎంత లాభం వస్తుంది" అని కాదు, "ఎవరు ఏం పెడుతున్నారు" అని. సాధారణంగా ఐదు రకాలుగా ఉంటుంది.

ఒకటి, డబ్బు. రెండు, మంచి స్థలాన్ని వెతికి పట్టుకోవడం. మూడు, తర్వాతి తిరుగుడు: పహణీ తీయించడం, ఈసీ చూడటం, ఖాతా మార్పిడి, సర్వే, కంచె, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నిలబడటం, చివరికి కొనేవాణ్ణి తేవడం. నాలుగు, పేరు. అంటే బ్యాంకు లోను ఒకరి జీతం మీద తీసుకోవడం. ఐదు, కొన్నిసార్లు భూమే ఒకరిది, కట్టేది ఇంకొకరు.

ఈ ఐదింటికీ ఒకే తూకం వేయలేం. వెతికి పెట్టడం ఒక్కసారి పని, దానికి ఒక్కసారి ఇచ్చే ఫీజు సరిపోతుంది. ఏళ్ల తరబడి చూసుకోవడం వేరు, దానికి కూలో వాటానో ఉండాలి. లోను తన పేరున తీసుకున్నవాడి సంగతి ఇంకా వేరు. వాయిదా ఒక్క నెల తప్పితే అతని సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు తన సొంత ఇంటికి లోను దొరకడం కష్టం కావచ్చు. "నీ పేరే కదా, డబ్బు అందరం కడుతున్నాం కదా" అనేస్తే న్యాయం కాదు. ఆ రిస్కుకు కూడా ఎంతో కొంత లెక్క కట్టాలి.

కాగితం లేకపోతే చట్టం ఏమంటుంది?

"మనవాళ్ల మధ్య కాగితాలెందుకు? అనుమానం ఉన్నట్టుంటుంది" అనే మాట చాలా ఇళ్లలో విన్నాను. కాగితం రాసుకోకపోతే మాత్రం మన మధ్య ఏ షరతులూ ఉండవని కాదు. చట్టం తన షరతులు పెట్టేస్తుంది. అవి ఏంటో చూడండి.

మీరు భాగస్వామ్య సంస్థగా వ్యాపారం చేస్తుంటే 1932 నాటి భాగస్వామ్య చట్టం వర్తిస్తుంది. అందులో 13వ సెక్షన్ ఏమంటుందంటే, వేరే ఒప్పందం లేకపోతే భాగస్వాములకు లాభం సమానం, నష్టమూ సమానం. సంస్థ పని చూసుకున్నందుకు ఏ భాగస్వామికీ జీతం అడిగే హక్కు లేదు. ఒకరు తన వంతు మూలధనానికి మించి డబ్బు సర్దితే దానికి ఏటా 6 శాతం వడ్డీ. అంతే.

అంటే ముప్పై లక్షలు పెట్టినవాడికీ పది లక్షలు పెట్టినవాడికీ లాభం సమానం. నాలుగేళ్లు కాళ్లరిగేలా తిరిగినవాడికీ ఇంట్లో కూర్చున్నవాడికీ కూడా సమానమే. ఇది మీ మనసులో ఉన్న పద్ధతేనా? కాకపోతే రాసుకోవాలి. ఆ సంస్థను రిజిస్టరు చేయించుకోవడం కూడా మరవద్దు. అదే చట్టంలో 69వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు కాని సంస్థలో భాగస్వామి ఒప్పందం ప్రకారం తనకు రావాల్సిందాని కోసం మిగతావాళ్ల మీద దావా వేయలేడు. సంస్థను రద్దు చేయమని, లెక్కలు చెప్పమని మాత్రం అడగగలడు.

సంస్థ ఏమీ లేదు, ఊరికే నలుగురం కలిసి ఒక సైటు కొన్నాం అంటారా? అప్పుడు మీరు భాగస్వాములు కారు, సహ యజమానులు. ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి డబ్బుతో కొంటే, ఆ డబ్బులో ఎవరి వాటా ఎంతో ఆస్తిలోనూ అంతే. విడివిడి డబ్బుతో కొంటే ఎవరెంత పెట్టారో ఆ నిష్పత్తిలో వాటాలు. ఎవరెంత పెట్టారో రుజువు లేకపోతే సమానమనే అనుకుంటారు. కాబట్టి సేల్ డీడ్‌లోనే "ఇంత శాతం ఫలానా వారిది" అని రాయించండి. డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్లిందో బ్యాంకు లెక్కలో కనబడాలి. ఇంకో సంగతి. డబ్బు పెట్టకుండా పనే చేసిన ఐదో మనిషికి ఆ డీడ్‌లో చోటే లేదు. అతని హక్కంతా విడిగా రాసుకున్న ఒప్పందం మీదే ఆధారపడి ఉంటుంది. అది లేకపోతే అతను ఉత్త చేతులతో మిగులుతాడు.

మనకో సామెత ఉంది కదా: ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య. స్థలం దొరికేదాకా అతను దేవుడు. రిజిస్ట్రేషన్ అయిపోయాక "నువ్వేం పెట్టావు గనక?" అంటాం. ఏరు దాటకముందే మాట్లాడుకోవడం అందరికీ గౌరవం.

ఒక లెక్క వేసి చూద్దాం

ఊరికే చెబితే అర్థం కాదు గనక ఒక లెక్క అనుకుందాం. నలుగురు తలా ₹20 లక్షలు వేశారు. మొత్తం ₹80 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చులన్నీ అందులోనే. ఐదో ఆయన డబ్బు పెట్టలేదు. స్థలం వెతికింది, నాలుగేళ్లు చూసుకుంది, చివరికి అమ్మి పెట్టింది ఆయనే. అమ్మకం ఖర్చులు పోను చేతికి ₹1 కోటి 36 లక్షలు వచ్చింది. లాభం ₹56 లక్షలు. పన్ను సంగతి తర్వాత చూద్దాం.

మొదటి పద్ధతి: మొత్తం లాభంలో 20 శాతం ఐదో ఆయనకు. అంటే ₹11.20 లక్షలు. మిగిలిన ₹44.80 లక్షలు నలుగురికి తలా ₹11.20 లక్షలు. ఐదుగురికీ సమానం. చూడటానికి బాగుంది. కానీ డబ్బు పెట్టినవాళ్లు ఒక మాట అనవచ్చు: "మా ఇరవై లక్షలు బ్యాంకులో వేసుకున్నా నాలుగేళ్లకు వడ్డీ వచ్చేది కదా. ఆ వడ్డీలో కూడా ఈయనకు వాటానా?"

రెండో పద్ధతి ఈ ప్రశ్నకు జవాబు. ముందు అసలు వెనక్కి. తర్వాత అసలు మీద ఏటా 8 శాతం బారువడ్డీ లెక్కన నలుగురికి. ఆ పైన మిగిలిన దాంట్లోనే ఐదో ఆయనకు 20 శాతం. ₹80 లక్షల మీద నాలుగేళ్లకు 8 శాతం అంటే ₹25.60 లక్షలు. లాభంలోంచి అది తీసేస్తే మిగులు ₹30.40 లక్షలు. అందులో 20 శాతం ₹6.08 లక్షలు ఐదో ఆయనకు. మిగిలిన ₹24.32 లక్షలు నలుగురికి తలా ₹6.08 లక్షలు. అంటే డబ్బు పెట్టిన ఒక్కొక్కరికి అసలు 20, వడ్డీ 6.40, మిగులులో వాటా 6.08, మొత్తం ₹32.48 లక్షలు. మిగులు దగ్గర మాత్రం ఐదుగురూ సమానం. డబ్బుకు డబ్బు ప్రతిఫలం వచ్చింది, కష్టానికి కష్టం ప్రతిఫలం వచ్చింది. ప్రపంచంలో పెద్దపెద్ద స్థిరాస్తి నిధులు నడిపేవాళ్లు కూడా చాలామంది ఈ మెట్ల పద్ధతినే వాడతారు. ముందు మదుపరి మెట్టు, తర్వాత నిర్వాహకుడి మెట్టు.

ఇప్పుడు అదే స్థలం సరిగా పెరగలేదనుకుందాం. ఖర్చులు పోను ₹1 కోటి 4 లక్షలే వచ్చింది. లాభం ₹24 లక్షలు. మొదటి పద్ధతిలో ఐదో ఆయనకు ₹4.80 లక్షలు వస్తుంది, నలుగురికి తలా అంతే, ఏటా 6 శాతం పడినట్టు. రెండో పద్ధతిలో 8 శాతానికే చాలలేదు గనక ఐదో ఆయనకు సున్నా. నలుగురికి తలా ₹6 లక్షలు, ఏటా ఏడున్నర శాతం.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. నాలుగేళ్లు తిరిగిన మనిషి ఇంటికి ఖాళీ చేతులతో వెళ్లడం న్యాయమేనా? చీర అమ్ముడుపోలేదని నేతగాడికి మజూరీ ఎగ్గొడితే మనం ఒప్పుకుంటామా? అందుకే మూడో పద్ధతి. కనీస కూలి ముందే అనుకోవడం. నెలకు ₹5,000 అనుకుందాం. నలుగురూ తలా ₹1,250 వేసుకుంటే చాలు. నాలుగేళ్లకు ₹2.40 లక్షలు. లాభం బాగా వస్తే ఇది ఆయన వాటాకు అడ్వాన్సు కింద జమ అవుతుంది. మన మొదటి లెక్కలో ₹6.08 లక్షల్లో ఈ ₹2.40 లక్షలు మినహాయించి ₹3.68 లక్షలు చివర్లో ఇస్తారు, నలుగురూ వేసుకున్న కూలి డబ్బు వాళ్లకు తిరిగి వస్తుంది. లాభం రాకపోతే ఆ కూలి ఆయనదే, వెనక్కి అడగరు. అసలు నష్టమే వస్తే డబ్బు పెట్టినవాళ్లకు డబ్బు తగ్గుతుంది, ఆయనకు మిగతా కష్టం వృథా అవుతుంది. ఇద్దరూ తమ తమ వంతు పోగొట్టుకున్నట్టు.

శాతాలు నేను చెప్పినవే ఉండాలని లేదు. 8 బదులు 7 కావచ్చు, 20 బదులు 15 కావచ్చు. ఆయనా కొంత డబ్బు పెడితే ఇంకా మంచిది. ఆ మేరకు ఆయన నలుగురితో సమానంగా మదుపరి కూడా అవుతాడు, పని వాటా విడిగా ఉంటుంది. అంకెలు మీ ఇష్టం. వరస మాత్రం మార్చకండి: ఖర్చులు, అసలు, వడ్డీ, ఆ తర్వాతే మిగులు పంపకం. తిరుగుడు ఖర్చులు, పెట్రోలు, లాయరు ఫీజు, ఇవన్నీ రసీదు మీద అందరి ఖర్చు. అవి కూలిలో భాగం కావు.

రెండు చేతుల కమీషన్

ఇక కొంచెం కటువైన విషయం. స్థలం చూపించిన మనిషి మన దగ్గర ఫీజు తీసుకుంటాడు. అమ్మేవాడి దగ్గర కూడా కమీషన్ తీసుకుంటాడు. ఆ రెండోది మనకు చెప్పడు. ఎకరం ధరలో కొంత ఆయన కోసం కలిపే ఉంటుంది. ఇదే ఎక్కువ గొడవలకు మూలం.

రెండు వైపులా తీసుకోవడమే తప్పని నేను అనను. చెప్పకుండా తీసుకోవడం తప్పు. చట్టం కూడా అదే అంటుంది. కాంట్రాక్టు చట్టం 216వ సెక్షన్ ప్రకారం, ఏజెంటు అసలు యజమానికి తెలియకుండా ఆ వ్యవహారంలో తన సొంత బేరం చేసుకుంటే, దాని వల్ల వచ్చిన లాభాన్ని యజమాని అడిగి తీసుకోవచ్చు. భాగస్వామ్య చట్టం 16వ సెక్షన్ ప్రకారం, సంస్థ వ్యవహారంలో భాగస్వామి విడిగా సంపాదించింది సంస్థకు లెక్క చెప్పాలి. అందుకే ఒప్పందంలో ఒక్క వాక్యం చేర్చండి: "ఈ కొనుగోలు, అమ్మకాల్లో నాకు ఎవరి దగ్గర నుంచి ఏమి వచ్చినా అందరికీ చెబుతాను." నిజాయితీ ఉన్నవాడు ఈ వాక్యం మీద సంతకం పెట్టడానికి వెనకాడడు.

ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు, సైట్లు అమ్మించే ఏజెంటయితే 2016 నాటి రెరా చట్టం కింద రిజిస్టరు అయి ఉండాలి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో ఎనిమిది ఫ్లాట్లు దాటిన భవనంలోనో అమ్మకాలు చేయాలంటే ప్రాజెక్టు కూడా రిజిస్టరు కావాలి. కానిదానికి ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు. మన ఫోన్లకు "ప్రీలాంచ్ ఆఫర్, ఇవాళే ఆఖరు" అని వచ్చే సందేశాల్ని ఈ కళ్లతో చూడండి. ప్రాజెక్టు నంబరు, ఏజెంటు నంబరు అడగండి. అమ్మకం ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకునే హక్కు బిల్డరుకు లేదు.

ఎవరి పేరున?

"నలుగురి పేర్లూ ఎందుకు, రాకపోకలు కష్టం, ఒకరి పేరున పెట్టేద్దాం" అంటారు. ఇది ప్రమాదం. 2016 నవంబరు 1 నుంచి బినామీ చట్టం గట్టిగా అమల్లోకి వచ్చింది. డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే ఆస్తినే ప్రభుత్వం జప్తు చేసుకునే వీలుంది. లెక్క చూపగల డబ్బుతో భార్య లేదా భర్త పేరున, పిల్లల పేరున కొనడానికి మినహాయింపు ఉంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో కలిసి కొనేటప్పుడు కాగితంలో ఇద్దరి పేర్లూ ఉండాలి. స్నేహితులకు ఆ మినహాయింపు లేదు. చట్టం అలా ఉంచి, ఆ పేరున్న మనిషికి రేపు ఏమైనా అయితే అతని పిల్లలకు మన మాట ఎలా తెలుస్తుంది?

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద "అమ్మేశాం, కొనేశాం" అనుకోవడం కూడా వద్దు. అలాంటి కాగితాలతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. నగదు విషయంలోనూ జాగ్రత్త. స్థలం అమ్మకానికి ₹20,000, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ధర ₹50 లక్షలు, ఆ పైన ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ కట్టాలి. నలుగురు కలిసి కొంటే ఒక్కొక్కరి వాటా యాభై లక్షలకు తక్కువే అనుకుంటే కుదరదు. 2024 అక్టోబరు నుంచి మొత్తం ధరనే చూస్తున్నారు. అమ్మినప్పుడు వచ్చే లాభం మీద పన్ను ఎవరి వాటాకు వాళ్లు కట్టుకోవాలి. ఐదో ఆయనకు ఇచ్చేది ఆయన ఆదాయం. ఆ చెల్లింపు ఎలా చూపాలో కొనకముందే ఆడిటరును అడిగి ఒప్పందంలో రాయండి.

ఇంకో హెచ్చరిక. స్నేహితుల నలుగురితో ఆగకుండా "నెలకింత ఇస్తాను, నాకు డబ్బివ్వండి" అని ఊరంతా పోగుచేయడం మొదలుపెడితే అది వేరే కథ. అనుమతి లేని డిపాజిట్ పథకాల మీద 2019లో నిషేధ చట్టం వచ్చింది. ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ దూరంగా ఉండండి.

భూమి మనదైనప్పుడు

ఊళ్లో మనకే కొంత భూమి ఉండి, బిల్డరు వచ్చి "మీరు స్థలం ఇవ్వండి, మేం కట్టి సగం ఇస్తాం" అనే సందర్భం కూడా వస్తోంది. ఇక్కడ మనం డబ్బు కాదు, భూమి పెట్టుబడి పెడుతున్నాం. న్యాయం అదే.

మనకు దగ్గరి ఉదాహరణ అమరావతి. మగ్గాలకు పేరున్న మంగళగిరికి పక్కనే. 2015లో భూసమీకరణ కింద ఎకరం మెట్ట భూమి ఇచ్చిన రైతుకు 1,000 చదరపు గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. జరీబు భూమికి 1,000, 450 గజాలు. నగరం తయారయ్యేదాకా పదేళ్ల పాటు ఏటా కౌలు, మెట్టకు ₹30,000, జరీబుకు ₹50,000తో మొదలై ఏటా పెరిగేలా. భూమి లేని కూలి కుటుంబాలకు నెలకు ₹2,500 పింఛను. రాజకీయం పక్కన పెట్టి ఈ నమూనాలోని మూడు ముక్కలు చూడండి. చివర్లో వచ్చే వాటా ఒకటి. ఎదురుచూసే కాలానికి ఏటా చెల్లింపు రెండు. భూమి లేకపోయినా ఆ భూమి మీద పని చేసి బతికినవాళ్ల గురించి కూడా ఆలోచించడం మూడు. 2019 తర్వాత పనులు ఆగి, 2024లో మళ్లీ మొదలయ్యాయి. కాలం ఎంత ఖరీదైనదో అక్కడి రైతుల్ని అడిగితే తెలుస్తుంది.

కాబట్టి బిల్డరుతో ఒప్పందంలో శాతం ఒక్కటే చూడకండి. ఆ శాతం ఏ విస్తీర్ణం మీద, కార్పెట్ ఏరియానా, సూపర్ బిల్టప్ ఏరియానా? ఏ అంతస్తులు, ఏ వైపు? ఇచ్చిన డిపాజిట్ తిరిగి కట్టాలా, అక్కర్లేదా? ఎన్ని నెలల్లో పూర్తి, ఆలస్యమైతే నెలకు ఎంత? ఈ నాలుగూ లేని ఒప్పందం పేక లేని పడుగు లాంటిది.

ఇంత తలనొప్పి మాకొద్దు అనేవాళ్లకు ఇంకో దారి ఉంది. మన దేశంలో మొదటి రీట్ 2019 ఏప్రిల్‌లో స్టాక్ మార్కెట్లో నమోదైంది. అది బెంగళూరు సంస్థదే. ఆఫీసు భవనాల అద్దెల్లో వాటా అన్నమాట. సెబీ నియమాల ప్రకారం పంచదగిన నగదులో కనీసం 90 శాతం యూనిట్ ఉన్నవాళ్లకు పంచాలి, నిర్వాహకుడి ఫీజు ఎంతో బయటపెట్టాలి. ఒక్క యూనిట్ కూడా కొనుక్కోవచ్చు. ధర పెరగచ్చు, తగ్గచ్చు, గ్యారంటీ లేదు. కొనమని నేను చెప్పడం లేదు. అంత పెద్ద సంస్థలే నిర్వాహకుడి కూలిని కాగితం మీద పెడుతున్నప్పుడు మనకెందుకు మొహమాటం అంటున్నాను.

కండెలు చుట్టిన చేతులు

చివరగా ఒక మాట. నేత మజూరీ ఎప్పుడూ మగ్గం మీద కూర్చున్న మనిషి పేరుతోనే లెక్క కట్టారు. కండెలు చుట్టిన ఇల్లాలికి, ఆసు పోసిన తల్లికి, అచ్చు అతికిన పిల్లకు విడిగా ఎవరూ కూలి ఇవ్వలేదు. చీరలో సగం వాళ్ల చేతులే ఉన్నా లెక్కలో వాళ్లు లేరు. మన పాత వ్యవస్థలో అతి పెద్ద అన్యాయం ఇదే.

అదే అన్యాయాన్ని కొత్త ఆస్తుల్లోకి మోసుకుపోవద్దు. సైటు కొనడానికి ఆడవాళ్ల బంగారం తాకట్టు పెడతాం. కోడలి జీతం లోనుకు కలుపుతాం. అమ్మ దాచుకున్న పొదుపు డబ్బు తీసుకుంటాం. కాగితంలో మాత్రం మగవాళ్ల పేర్లే. బంగారం ఇచ్చిన రోజు దాని విలువ రాయండి, ఆ మేరకు వాటా ఆమె పేరున పెట్టండి. ఇది దయ కాదు, ఇంతసేపు చెప్పిన లెక్కే. ఏం పెట్టారో దానికి ప్రతిఫలం.

రాసుకోవాల్సినవి

ఇంటికెళ్లాక ఇవి ఒక కాగితం మీద రాసుకోండి.

1. ఎవరు ఎంత డబ్బు, ఏ తేదీన, ఏ ఖాతా నుంచి పెట్టారు.
2. డీడ్‌లో ఎవరి వాటా ఎంత శాతం.
3. పని ఎవరిది, కనీస కూలి ఎంత, ఖర్చులకు రసీదులు ఎవరికి చూపాలి.
4. పంపకం వరస: ఖర్చులు, అసలు, వడ్డీ, మిగులు.
5. లోను ఎవరి పేరున, వాయిదా తప్పితే ఎవరు కట్టాలి, ఆ రిస్కుకు ఎంత.
6. ఎన్నేళ్లకు అమ్మాలి, అమ్మడానికి ఎందరు ఒప్పుకోవాలి, మధ్యలో ఒకరు బయటికెళ్తానంటే ధర ఎలా కట్టాలి.
7. మధ్యలో డబ్బు చాలకపోతే ఎవరు వేయాలి, వేయలేనివాడి వాటా ఏమవుతుంది.
8. ఎవరైనా కాలం చేస్తే వారసులకు ఏం చేయాలి.
9. బయటి నుంచి వచ్చిన కమీషన్ ఏదైనా చెప్పాలి.
10. తగాదా వస్తే ముందు ఎవరి దగ్గర కూర్చోవాలి. 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం కింద ఆర్బిట్రేటరును ముందే పేరు పెట్టుకోవచ్చు.

తగిన స్టాంపు కాగితం మీద రాసి, లాయరుకు చూపించి, అందరూ ఒకే రోజు సంతకాలు పెట్టండి. ఇంటి ఆడవాళ్లు కూడా చదివాకే పెట్టండి.

సమాఖ్య పెద్దలకు నా విన్నపం ఒకటే. ఇలాంటి ఒప్పందానికి తెలుగులో ఒక నమూనా తయారు చేయించి సభ్యులందరికీ అందుబాటులో పెట్టండి. మనలోనే లాయర్లు, ఆడిటర్లు ఉన్నారు. నెలకొక ఆదివారం ఇద్దరు కూర్చుని సంతకానికి ముందు కాగితాలు చూసి పెడితే చాలు, తర్వాత పదేళ్లు పంచాయతీలు చేసే శ్రమ తప్పుతుంది. పడుగు సరిచేసుకునే పని మగ్గం ఎక్కించకముందే. నేత మొదలయ్యాక తెగిన ప్రతి పోగూ ముడి పడాల్సిందే, ఆ ముడి చీరలో కనబడుతూనే ఉంటుంది.